మూజువాణి

దోహాకు అవతల సనయ్య.
ఆ పేరు చెప్తే మా సాయక్క
మల్లయ్య, రాజయ్య లెక్క మనిషనుకున్నది.
"సనయ్య మంచిగ చూసుకుంటుండా తమ్మీ?" అని
రెండేండ్లు అడిగింది.
చూసుకుంటుండు అని నేనూ రెండేండ్లు చెప్పిన.

ముప్పై మూడో వీధి, మూడో అంతస్తు,
పన్నెండు మంచాల గదిల కిటికీ పక్క పైమంచం నాది.
సిగ్నల్ మంచిగొచ్చేది ఆడొక్కకాడనే.
ఆడికే వచ్చింది అక్క పాట,
నలభయ్యొక్క సెకన్లు.
ఒళ్లో చాట, చాటల తునికాకు, కత్తెర.
దారం చుట్టే వేలు ఆగదు,
నోరు మాత్రం ఎటో పోయొస్తది:
వెయ్యి బీడీలకు వేలెంత అరిగె
అరిగిన వేలికి కూలెంత పెరిగె

శుక్రవారం దాన్ని లోకంల పెట్టిన.
ఆదివారం పొద్దుగాల, స్కాఫోల్డింగు మీద
ఇనుప పైపు అప్పుడే కాలుతున్నది,
జేబుల ఫోను వణికింది.
ఈ శబ్దం మీది కాదు.
హక్కుదారు: వజ్రతార ఆడియో.
బొమ్మ ఉంచిన్రు, గొంతు తీసిన్రు.
అక్క పెదవులు ఆడుతున్నయి
బస్సు అద్దం అవుతల మాట్లాడేటోళ్ల లెక్క.

అభ్యంతరముంటే ఫారం నింపుమన్నరు.
రచయిత పేరు?
అక్క మా అత్త దగ్గర నేర్చింది,
అత్త కార్ఖానాల ఎవల దగ్గరనో.
రాసిన తేదీ?
వాన పడని ఏడాది అంటరు,
ఆ గడిల అంకెలు తప్ప పట్టవు.
చిరునామా? సనయ్య అని రాస్తే
ఇంటిపేరు కూడ రాయుమన్నది ఫారం.
మూడుసార్లు తప్పైతే నీ ఖాతానే ఉండదని
కింద సన్నక్షరాలల్ల.

ఎర్రం సత్తన్న మా గదిల చదువుకున్నోడు.
"కంపెనీని తిట్టి ఏం లాభం, కొత్త చట్టమే అట్లున్నది.
ముందు గొంతు పట్టు, తర్వాత విచారించు.
చేసింది మనోళ్లే, ఢిల్లీల."

మనోళ్లల్ల ఒకాయన నవంబర్ల వచ్చిండు,
గల్ఫోళ్ల కష్టసుఖాలు తెలుసుకోనికి.
ఏసీ హాలు, శాలువ, బిర్యానీ.
మైకు నా దాక వచ్చేసరికి అన్నం సల్లారింది.
సార్, ఆ చట్టానికి మీరేమన్నరు, అవునా, కాదా?

ఆయన నవ్విండు. మంచి నవ్వే.
ఆ రోజు సభల ఒకటే లొల్లి తమ్మీ,
నాలుగు నిమిషాలల్ల మూజువాణి ఓటుతో పాసైంది.
మూజువాణంటే?
అవునన్నోళ్లు అవునంటరు, కాదన్నోళ్లు కాదంటరు,
ఏ చప్పుడు పెద్దగుంటే అది గెలుస్తది.
ఎవలేమన్నరో?
అది రాసుకోరు.
మరి మీరు?
మైకు పక్కోనికి పోయింది.

దిగిపోతూ నా భుజం మీద చెయ్యేసిండు.
ఓటుందా నీకు?
ఉంది సార్. కోరుట్ల దగ్గర, స్కూలు వరండాల.
అది ఈడికి రాదు, నేను ఆడికి పోలేను.
మొన్న ఎన్నికలప్పుడు టికెటు ధర
నా రెండు నెలల జీతం.
అట్లనా, అన్నడు, కారు తలుపు పట్టుకొని.

బస్సుల వాపసొస్తుంటే
తలకాయల ఒకటే తిరుగుడు.
బీడీల చాట మీద పాడిన గొంతుకు
ఓనరెవరో రెండు దినాలల్ల తేల్చిన్రు.
దేశమంతటికి చట్టం జేసిన గొంతులు మాత్రం
ఎవలయో
ఇప్పటికీ ఎవలకూ తెల్వదు.

మొన్న అక్క ఫోన్ చేసింది.
ఆ మూగ వీడియోను
చాటల నిలబెట్టుకొని చూస్తున్నరంట ఆడోళ్లు.
పెదవులు చూసి
పాట వాళ్లే పెట్టుకుంటున్నరంట.
ఎవలెవలక్కా, అన్న.
లచ్చవ్వ, గాజుల ముత్తమ్మ, రజియా,
చిన్నగంగు, నేను.
ఏ ఒక్కల పేరూ మింగలేదు.

పాట నడుమల అక్కకు దగ్గొస్తది,
పొగాకు దుమ్ము.
ఆ దగ్గు మాదేనని
ఏ కంపెనీ ఇంకా రాయలే.