ఇంగ్లీషు మర

ఎవరిదో ఉంగరం వెతకడానికి వెళ్లాను.
గంటకి నాలుగొందలు, దొరికితే ఇంకో వెయ్యి.
అడయారు ఏరు సముద్రంలో కలిసేచోట,
విరిగిన వంతెన అవతల,
తడి ఇసక మీద యంత్రాన్ని
పసిబిడ్డకి విసనకర్ర ఊపినట్టు
అటూ ఇటూ ఊపుతూ.

సీసామూతలకి అది గొణుగుతుంది.
బంగారానికి సన్నగా పిలుస్తుంది.
ఇవాళ మాత్రం
గొంతులో చేపముల్లు దిగినట్టు దగ్గింది.

మూరెడు లోతున జానెడు లోహం.
ఒక కొసన వంపు, ఇంకో కొసన మర,
ఒళ్లంతా ఆల్చిప్పలు.
ఉంగరం పోగొట్టుకున్న కుర్రాడు
"కుళాయి పిడి" అని తేల్చేసి
ఫోన్‌లో తలదూర్చాడు.
నేనూ అదే అనుకున్నాను.

రాత్రి చింతపండుతో తోమాను.
"రేపు చారుకేమైనా ఉంచావా?" అంది వకుళ.
మూడో తోముడికి ఇత్తడి పచ్చగా బయటపడింది,
దానిమీద చిక్కుడుగింజంత నికెల్ పూత.
అడుగున అక్షరాలు.
మొదటివి ఉప్పు తినేసింది.
చివరి మూడూ నా గోటికి తగిలాయి:
హెచ్, ఏ, ఎమ్.
"ఏదో ఊరి పేరులే" అంది వకుళ,
చింతపండు గిన్నె లాక్కుంటూ.

పుదుపేటలో
గేర్లు జంతికల్లా వేలాడే సందు చివర
దస్తగిరి సాయిబు కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.
చూడటానికి ఆయనకి అది అడ్డం.
బరువు చూశాడు. వాసన చూశాడు.
బొటనవేలితో వంపు వెంట పోయి, వెనక్కొచ్చాడు.

"కారు తలుపు పిడి. లోపలిది. ఎడమది."
ఎట్లా తెలుసు?
"కుడిదైతే ఈ వంపు నీవైపు చూసేది కాదు."

అంబాసిడరా అన్నాను, ఫియటా అన్నాను,
నాకు తెలిసినవి ఆ రెండే.
బదులుగా డబ్బాడు నట్లు కుమ్మరించాడు.
ఒకటి పట్టలేదు.
ఒకటి అరచుట్టు తిరిగి అలిగింది.
ఆఖరికి పొడుండబ్బీలోంచి నల్లటిది తీశాడు.
ఒకటి, రెండు, మూడు చుట్లు,
కాలివేలికి మెట్టె ఎక్కినట్టు ఎక్కింది.
తర్వాత ఇసక కరకరమంది, ఆగిపోయింది.

"ఇంగ్లీషు మర," అన్నాడు.
"మిల్లీమీటర్లు రాకముందు, అంగుళాల నాటిది.
మోరిసో, ఆస్టినో.
అంతకుమించి చెప్తే అబద్ధమవుతుంది."

నలభై ఏళ్లుగా ఎంతమంది చేత
ఎన్ని సంగతులు చెప్పించుకున్నానో,
ఈ మాట ఎవరూ అనలేదు.

నట్టుకి డబ్బు తీసుకోలేదు.
"ఎడమ అంటే దిగే వైపు" అని మాత్రం అన్నాడు,
కళ్లజోడు మళ్లీ పెట్టుకుని
టీ కుర్రాణ్ని కేకేస్తూ.

బస్సులో జేబులో చెయ్యి పెట్టి చూశాను.
వంపు లోపల చిన్న అరుగుడు గుంట ఉంది.
నా బొటనవేలు అందులో పట్టదు.

కుర్రాడు ఫోన్ చేశాడు. ఉంగరం దొరికిందా?
లేదు. కానీ అది కుళాయి పిడి కాదు.
ఏది?
ఎడమ తలుపు, అన్నాను.
పెట్టేశాడు.

మందవెల్లి వచ్చింది.
అందరితోపాటు నేనూ
ఎడమవైపే దిగాను.