కారణం రాసే గడి

హుబేయ్‌లో డిసెంబరు. తలుపు తోసుకుని వచ్చాడు
తామర దుంపలు తవ్వే ఖ్వాయ్ దషెంగ్.
తల ముందొచ్చింది,
నడుము చాలాసేపటికి వచ్చింది.
బూట్ల మడతల్లో ఇంకా చెరువు బురద.

రిజిస్టరు తెరిచాను. పేరు. వయసు, యాభై ఏడు.
బాధ: నడుం నొప్పి. ఎన్నాళ్లుగా: పదకొండేళ్లు.
కారణం అన్న గడి ఖాళీ.
అది చెప్పేది లువాన్ డాక్టరమ్మ. నేను రాసేదాన్నే.

ఆవిడ అతని మణికట్టు మీద మూడు వేళ్లుంచి
కిటికీ వైపు చూస్తూ కూర్చుంది,
పక్కింటి మాటలకు గోడకి చెవి ఆనించినట్టు.
"వానొచ్చే ముందు రోజు తెలుస్తుందా?"
"రేడియో కంటే ముందే."
"బరువా, పోటా?"
"తడిసిన గోనెసంచి కట్టుకు తిరుగుతున్నట్టు."
రాశాను: చలి, తేమ.
లోపలికి దిగి, బయటికి దారి మరిచిపోయినవి.

మరి అతని పనే అది.
తెల్లారుజామున మంచు పలక కాలితో పగలగొట్టి
మొలలోతు బురదలోకి దిగి
కాలివేళ్లతో దుంపను వెతికి
విరగకుండా, విరగకుండా పైకి తీయడం.
విరిగితే లోపల బురద దూరుతుంది. సగం ధర.

నాలుక చాపమంది. అంచుల్లో పళ్ల గాట్లు,
పక్కన నేరేడు రంగు చుక్కలు.
"రాత్రిళ్లు ఒకేచోట పొడుస్తుందా?"
బొటనవేలితో చూపించాడు, తడుముకోకుండా,
సొంతింట్లో చీకట్లో స్విచ్చి వేసినట్టు.
రాశాను: నిలవ నెత్తురు.
ఎప్పుడో పడవ అంచు తగిలినచోట
పారడం మానేసిన పిల్లకాలువ.

గడి నిండిందనుకున్నాను.
ఆవిడ వేళ్లు మణికట్టు వదల్లేదు.
ఉంగరపు వేలు ఇంకా లోతుకి నొక్కింది, ఎముక దాకా.
మూత్రపిండాల నాడి అక్కడ పలుకుతుందట.
నడుము వాటి ఇల్లట.
లోపల దీపం సన్నగిల్లితే గోడలు నొస్తాయట.
"దేనికి భయపడ్డావు?" అంది.

నవ్వాడు. తర్వాత నవ్వలేదు.
వరద ఏడు, గట్టు మీద పంతొమ్మిది రాత్రులు.
బస్తాలు అందరం మోశాం, మోతకేం కాదు.
నా కాపలా రాత్రి రెండు నుంచి.
టార్చి పట్టుకుని గట్టు వెనక గడ్డిలో
నీటి ఊట చప్పుడు ఎక్కడైనా...
ఇప్పటికీ రెండింటికి మెలకువొస్తుంది.
"గట్టు తెగలేదు," అన్నాడు.
"తెగలేదు," మళ్లీ, తనకే చెప్పుకున్నట్టు.

డాక్టరమ్మ ఏమీ అనలేదు.
మాచిపత్రి వత్తి వెలిగించి
అతని నడుము దగ్గరగా పట్టుకుంది.

అరలోంచి దూజోంగ్ బెరడు తీసి విరిచాను.
రెండు ముక్కల మధ్య తెల్లటి పోగులు సాగాయి,
తెగమని మొండికేస్తూ.
బోర్లా పడుకునే తలెత్తి చూశాడు దషెంగ్.
"దుంప కూడా అంతే!" అన్నాడు,
పరాయి ఊళ్లో తనవాళ్లెవరో కనబడ్డట్టు.

"వసంతం దాకా నీళ్లలో దిగకు."
"కొత్త సంవత్సరం ముందే కదమ్మా రేటు."
ఆవిడ రెండోసారి చెప్పలేదు.
ఏడు పొట్లాలు కట్టాను.
జేబులో చెయ్యి పెట్టి లెక్క చూసుకుని
ఐదు తీసుకున్నాడు.

సాయంత్రం రిజిస్టరు మూయబోతూ చూశాను:
చలి, తేమ, నిలవ నెత్తురు, భయం.
గడి చివర కాస్త చోటు మిగిలింది.
చిన్న అక్షరాలతో రాశాను: దుంప ధర.
డాక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుని చదివింది.
కొట్టేస్తుందనుకున్నాను.
"కిలో ఎంతో కూడా రాయి," అంది.