రెండో డికాక్షన్

బ్రాడీపేటలో మా కొట్టుకి
అడ్రసు అక్కర్లేదు.
నాలుగో లైన్లోకి తిరిగి
ముక్కు చెప్పినట్టు నడిస్తే చాలు.

ముప్పై ఒక్కేళ్ళుగా గింజలు వేయిస్తున్నాను.
ఎవరింటికి ఎంత చికోరీయో నోటికొచ్చు.
ప్లీడరు గారికి ఎనభై ఇరవై,
నెలాఖరున అరవై నలభై.
డ్రాయింగు మాస్టారి దగ్గర చికోరీ మాటెత్తితే
గొడుగు పుచ్చుకుని వెళ్ళిపోతాడు.

నాకు మాత్రం లెక్క లేదు.
షట్టరెత్తితే ఒకటి, మర తిరిగితే ఒకటి,
బేరం కుదిరితే ఒకటి, కుదరకపోతే ఒకటి,
కరెంటు పోతే
ఎలాగూ మర ఆగింది కదా అని ఇంకొకటి.

పోయిన మాఘమాసంలో
త్రాసు ముల్లు నిలవడం మానేసింది.
తప్పు ముల్లుది కాదు.
పొట్లం కట్టే పురికొస
మూడుసార్లు జారింది వేళ్ళలోంచి.
కొత్తపేట డాక్టరు కాగితం మీది గీతలు చూపించి
"మధ్యమధ్య ఒక కొట్టు ఎక్కువ కొడుతోందయ్యా" అన్నాడు.
నాకున్నది ఒకటే కొట్టండీ అన్నాను.
ఆయన నవ్వలేదు.
రాసిచ్చిన చీటీలో మందు పేరు లేదు.
మానెయ్యాల్సినదాని పేరే ఉంది.

మొదటిరోజు ఏమీ కాలేదు.
ఇంతేనా అనుకున్నాను.

రెండోరోజు మధ్యాహ్నానికి
మిర్చియార్డంతా తెచ్చి
నా కణతల్లో కుప్ప పోశారు.
కళ్ళ వెనకాల హమాలీలు
రాత్రిదాకా టిక్కీలు దించుతూనే ఉన్నారు.
మూడోరోజు డబ్బా మూత సరిగ్గా పెట్టలేదని
భ్రమరాంబ మీద అరిచాను.
మూత పెట్టనిది నేనే.
నాలుగోరోజు గోనెసంచుల వెనక
కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోయాను.
ఎవరో పావుకిలో అడగబోయి, చూసి, వెళ్ళిపోయారట.
పాలు తాగమన్నారు. జీలకర్ర నీళ్ళు తాగమన్నారు.
సొంఠి కాఫీ తాగమన్నారు.
కాఫీ అని పేరు పెట్టినంత మాత్రాన
ఒళ్ళు మోసపోతుందా.

వాసనకి పథ్యం లేదు కదా.
రోజంతా పీలుస్తూనే ఉన్నాను,
పెళ్ళిపందిరి బయట నిలబడి
వంటలు లెక్కపెట్టేవాడిలా.

చిక్కొచ్చింది కొత్త బస్తా దగ్గర.
చిక్కమగళూరు సరుకు. వేయించాను, మర ఆడించాను.
రుచి చూసి చెప్పేదెవరు?
నా నాలిక సెలవులో ఉంది.
"నువ్వు చూడవే" అన్నాను భ్రమరాంబతో.
"నాకేం తెలుసు" అంది.
ఇన్నేళ్ళుగా తాగుతున్నావుగా అన్నాను.

ఫిల్టరు నేనే వేశాను.
పొడి మీద బిళ్ళ మెల్లగా నొక్కి
మరిగిన నీళ్ళు అంచు వెంబడి పోసి
చుక్క చుక్క దిగేదాకా పక్కనే కూర్చుని
నురగతో గ్లాసు చేతికిచ్చాను.

ఒక గుక్క తాగింది.
ఆగింది.
గ్లాసులోకి చూసింది,
తర్వాత నాకేసి చూసింది.
"ఇదేనా రోజూ నువ్వు తాగేది?"

అప్పుడు తెలిసింది.
మొదటి డికాక్షన్ నాకు.
నా రెండో గ్లాసుకీ అదే.
నేను కొట్టుకి బయల్దేరాక
ఆ పొడి మీదే ఇంకోసారి నీళ్ళు పోసుకుని
దిగిన లేతరంగు నీళ్ళని
కాఫీ అనుకుంది
ఇరవై ఆరేళ్ళు.
కాఫీ పొడి అమ్మేవాడి పెళ్ళాం.

దెప్పలేదు, నిష్ఠూరమాడలేదు.
"చికోరీ కొంచెం తగ్గించు" అంది, అంతే.
నిజమే. తగ్గించాను.

ఇవాళ్టికి నలభై రోజులు.
ముల్లు నిలుస్తోంది.
అలవాటు పోయింది గానీ మెలకువ పోలేదు,
నాలుగున్నరకే లేస్తున్నాను.
ఫిల్టరు వేస్తాను, ఒక్క గ్లాసుకే.
మూడొంతెనల మీద మొదటి బండి పోయేవేళకి
తను గడపలో కూర్చుని
తొందర లేకుండా తాగుతుంది.

నిన్న అడుగున ఒక గుక్క మిగిల్చి
గ్లాసు నా పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది.
తాగమనో, కడగమనో చెప్పలేదు.
చాలాసేపు చూశాను.
చల్లారింది. మీగడ కట్టింది.

గ్లాసు కడిగాను.