పలుకు

ఎర్రగుంట్ల దాటినాక, నిడుజివ్వి పక్క గనిలో
నడిపి దస్తగిరి బండ మీద వంగి
సుత్తితో ఒక్క దెబ్బ వేస్తాడు, చెవి ఒగ్గుతాడు.
"ఇది పలుకుతాంది. ఇది మూగది.
ఇది దొంగది, నమ్మొద్దు."
నేను సుద్దముక్కతో అంకెలు వేసుకుంటూ పోతాను.

ప్రొద్దుటూరులో, మా కాలేజీ ల్యాబులో
అదే బండను వెంట్రుకలో సగం మందానికి అరగదీసి
గాజు మీద అతికించి వెలుతురు పంపితే
నలుపనుకున్నది నలుపు కాదు.
సున్నపు పలుకులు, జల్లెడలో మిగిలిన జొన్న నూకల్లా.
వాటి నడుమ మట్టి పొరలు, అన్నీ ఒకే దిక్కుకు పడుకొని.
అక్కడక్కడ తెల్లటి ఈనె.
ఎప్పటిదో సముద్రం
తొందర లేకుండా దించిపోయిన సరుకు.

పలుకంటే మాట. పలుకంటే నూక.
దస్తగిరికి మొదటిది తెలుసు, నాకు రెండోది.

కంప్యూటర్లో ఒక చిన్న గడి కోస్తాను,
అగ్గిపుల్ల తలకాయంత.
నొక్కుతాను, లాగుతాను, మెలిపెడతాను.
తన మొండితనం ఎంతో అది ఒక అంకెగా చెబుతుంది.
ఆ అంకెను పైమెట్టుకు అందిస్తాను,
ఇటుకలు చేతులు మారినట్టు,
గడి నుంచి బండకు, బండ నుంచి మిద్దెకు.
చివరికి మిద్దె మీద మిరపకాయలు ఆరబోసే మాబున్ని బరువు కూడా
లెక్కలో కూర్చుంటుంది.

పదహారు బండలు నేను చెప్పినంతే వంగాయి.
పదిహేడోది
సగం బరువుకే టక్కుమంది.

కరెంటు పోయిన ల్యాబులో
రెండు ముక్కల మధ్య కూర్చున్నాను.
వంగేటప్పుడు బండ అన్ని పలుకులనూ అడుగుతుంది,
అందరి మాటా కలిపి సగటు తీస్తుంది.
విరిగేటప్పుడు ఎవరినీ అడగదు.
ఏ ఈనె పక్కనో ఒక్క పలుకు చెయ్యి వదిలితే
పక్కది వదులుతుంది, దాని పక్కది.
నా గడిలో ఆ ఈనె లేదు.
నేను కోసిన చోట లేదు, అంతే.

నోటుబుక్కు తిరగేశాను. పదిహేడు.
పక్కన ఏమీ లేదు.
ఆయన ఏమన్నాడో నేను రాసుకోలేదు.

"యాడ గుర్తుంటాదమ్మా, దినానికి రెండొందలు కొడతా,"
అని నవ్వి, ఎడమ కాలు ముందుకు చాపాడు.
రెండు వేళ్లు లేవు.
"బాగా పలికిన బండే తినింది వీటిని.
గంట మోగినట్టు మోగింది."

నాకేమనాలో తోచలేదు.
నోటుబుక్కులో అంకె పక్కన
కొత్తగా ఒక నిలువు గీత గీసుకున్నాను.
దాని పైన ఏం పేరు రాయాలో ఇంకా తెలియదు.

ఆయన మాత్రం లేస్తూ అడిగాడు:
"ఆ రెండు ముక్కలూ పారేయొద్దు.
కోళ్లగూటి మీదికి సరిపోతాయి."