కిలో లెక్కన ఇల్లు

సైదాపురం దాటినాక, మూతబడ్డ అభ్రకం గని పక్కన
ఇనుప రేకుల బంగళా.
కట్టింది కాదు, బిగించింది.
ఎప్పుడో పెట్టెల్లో ఓడెక్కి వచ్చి
ఎడ్లబండ్ల మీంచి ముక్కలు ముక్కలుగా దిగిందంట.

కాటా తీసుకుని పోయినాను.
కిలో ముప్పై రెండు, తుప్పు తరుగు పోను.
చూపుతోనే నాలుగు టన్నులు తేల్చుకున్నా.

వరండా మెట్టు మీద పెంచలమ్మ
గమ్మున చూస్తా ఉండాది.
చిన్నప్పుడు అభ్రకం పొరలు చీల్చిన చేతులు.
"ఆ దూలం మింద నెంబరుంటాది, తుడిచి చూడు నాయనా."
తడిగుడ్డ పెడితే: పదిహేడు.
దాన్ని మోసే స్తంభం మీదా పదిహేడే.

లోపలికి పోయి హార్లిక్స్ సీసా తెచ్చింది.
నూనెలో నానేసిన బోల్టులు, ఇరవై మూడు.
"మా మామ ఫిట్టరు. ఇప్పేటోడు ఎట్టా వస్తాడు,
బిగించేటోడు గూడా రావాల గదా అనేవోడు."

కిటికీకి గాజు లేదు, పలచటి అభ్రకం బిళ్ల.
దాంట్లోంచి చూస్తే
నా లారీ, నా కాటా, కట్టరు పట్టుకున్న మస్తాను
లేత పచ్చగా, నీళ్లడుగున నిలబడ్డట్టు.

"అన్నా, యాణ్ణించి కోద్దాం?"

సుద్దముక్క ఉందా అన్నాను.

చెరిగిన నెంబర్లు నలభై పైనే.
పొద్దుగూకేలోపల పన్నెండు రాశాం.
ఇచ్చిన అడ్వాన్సు ఎవరినడగాలో తెలీదు,
ఇంట్లో ఏం చెప్పాలో అసలే తెలీదు.
పదమూడో ముక్క దేనికి జతో
పెంచలమ్మకీ గుర్తు లేదు.