సూది ఎత్తే పిల్ల

మిల్లు బంగళా సామాను వేలం వేసిన రోజు
మా నాన్న హోటలుకి కుర్చీలు కొందామని వెళ్ళి
కుర్చీలు రెండూ, పాటల పెట్టె ఒకటీ,
అందులో మరిచిపోయిన ఒకే ఒక్క నల్ల పళ్ళెమూ
నెల్లిమర్ల మెయిన్‌రోడ్డు మీద రిక్షాలో తెచ్చాడు.

అట్ట మీద జుత్తుకి నూనె దట్టించిన దొర ఒకడు.
పారిపోతున్న కోడిని దొరకబుచ్చుకున్నట్టు
గిటారుని పట్టుకుని ఉన్నాడు.
అటు ఏడు, ఇటు ఏడు.
పద్నాలుగు ఊళ్ళవాళ్ళ గొంతులు కోసి
ఒక్కచోట కట్టిన మోపు.
పేర్లు చదవడం మాకెవరికీ రాదు.
వచ్చినా, సగం చెదలు తినేసింది.

అందుకని మేమే పెట్టుకున్నాం.
ఉల్లిపాయల లెక్క రాసే పెన్సిలుతో అట్ట వెనకాల:
ఒకటి, బస్సు తప్పిపోనాది.
రెండు, అత్తాకోడళ్ళ తగువు.
మూడోదాంట్లో పియానో మీద ఎవడో కంకర దింపుతాడు,
అది లారీ.
ఐదోది ఏడుపు. దాన్ని గిరాకీలెవరూ అడగరు,
రాత్రి గిన్నెలు తోముతూ అమ్మ అడుగుతుంది.
అసలు పేర్లు ఇప్పుడు నాకు తెలుసు.
నోటికి మాత్రం లారీయే వస్తుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సూది ఎత్తే పని నాది.
పదోదాంట్లో గీత ఉంది.
అక్కడికి రాగానే ఆ పాడేవాడు
ఒకే ముక్క నములుతూ కూలబడేవాడు.
"గుంటా, బేగి ఎత్తే, ఆడికి పొలమారింది!"

బి షిఫ్టు దిగాక లెంక గురువులు వచ్చేవాడు,
కనుబొమల మీద జనపనార నూగుతో.
ఇరవై రెండేళ్ళు మగ్గాల మధ్య నిలబడి
చెవులు మిల్లుకే ఇచ్చేశాడు.
గ్లాసు తీసుకెళ్ళి స్పీకరు మీద పెట్టి
టీ వణకడం చూసేవాడు. తాగడం తరవాత.
"ఇది మగ్గమేనే గుంటా.
నాడె ఇటెల్లి అటొస్తంది.
కాపోతే ఒక దెబ్బ ఎగ్గొడతన్నాడు సూడు,
సూపర్‌వైజర్ అటు తిరగ్గానే మనం ఎగ్గొట్టినట్టు."

లాకౌటు మూడో నెల.
సైరను లేక ఊళ్ళో అన్నం ఎప్పుడు వండాలో తెలియడం లేదు,
వండడానికి ఉన్నవాళ్ళకి.
గురువులుకి నిద్ర పట్టడం లేదట.
"నేల ఆగిపోనాది" అన్నాడు, ఎవరితోనో కాదు.
టీ వద్దని, మంచినీళ్ళు పోయించుకుని
గ్లాసు స్పీకరు మీద పెట్టి
పది వేళ్ళూ చూపించాడు.

వేశాను. గీత వచ్చింది. చెయ్యి చాచాను.
నా మణికట్టు పట్టుకున్నాడు,
గట్టిగా కాదు,
పోగు తెగకుండా పట్టుకున్నట్టు.
"ఉండనీ."

టక్కు, అదే ముక్క, టక్కు, అదే ముక్క.
బల్లల మీది ఎనిమిది మందీ మాట్లాడ్డం మానేశారు.
కరెంటు బిల్లు ఎవడిస్తాడని లోపల్నించి అమ్మ అరిచింది.
అరిచి, చేతులు తుడుచుకుంటూ వచ్చి
గుమ్మంలో నిలబడిపోయింది.
గ్లాసులో నీళ్ళు
షిఫ్టుకెక్కాయి.