మాటు

అట్లతద్ది వెళ్లిన మర్నాడే
రాగి బాయిలరు సైకిలు వెనక కట్టి
నడిపించుకుంటూ పాలకొల్లు బయల్దేరాను.
గట్టు పొడుగునా ఒకటే ప్రశ్న:
"ఇంకా ఉక్కపోసి చస్తుంటే
ఇప్పుడు బాయిలరు దేనికే, సూరీడమ్మా?"

మస్తాను బోర్లించి చూశాడు.
గొట్టంలోంచి నిరుటి కొబ్బరిడొక్కల మసి
అతని మోకాళ్ల మీద రాలింది.
నీళ్లు పోసి, చెవి ఆనించి,
డాక్టరులా కాసేపు పలకలేదు.
"అడుగున సన్నంగా కారుతోందమ్మా.
అందరూ పుష్యంలో తెస్తారు, నిప్పారిపోయాక."

నిరుడు నేనూ అంతే.
కాలవ మీద మంచు గోడలా నిలబడ్డ తెల్లవారుజామున
అత్త ఒంటికి సబ్బు రాసి ఉన్నాను.
పొయ్యి సుయ్‌మంది.
వణుకుతూనే నవ్విందావిడ,
"దీనికీ నాలాగే ఆగట్లేదే!"

తగరం కరిగి, చుక్కయి, బిగుసుకుంది.
నూట ఎనభై అన్నాడు. నూట యాభై ఇచ్చాను.
మిగతా ముప్ఫైకి మా పెరటి నిమ్మకాయలు.

ఇప్పుడది అరుగు మీద బోర్లించి ఉంది,
ఇంకా పనిలేక.
అత్త వస్తూ పోతూ
ఆ మాటు మీద వేలు పెట్టి చూస్తోంది,
చంటిపిల్ల పక్కబట్ట
తడిసిందేమోనని చూసినట్టు.